అట్ట మీద చుక్క లేదు

ప్రియమైన ఇంటిదానికి,

ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని పక్కింటి టైలరు చెప్పాడు. నా అంతట నేనైతే "ఏమే" అని రాసేవాణ్ణి.

ఫోను చేయవద్దు. నా ఎడమచెవి ఎప్పుడో పోయింది, కుడిచెవికి నీ గొంతు చాలదు. నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, మేడ మీదవాళ్ళేమో, వీళ్ళింకా పోట్లాడుకుంటూనే ఉన్నారనుకుంటారు. నాకు రాత పెద్దగా రాదు కానీ వచ్చినంత రాస్తాను.

కళ్ళ డాక్టరు ఇక బండి తోలవద్దన్నాడు. తోలని బండి ఎందుకని నేను బేరం కుదిర్చాను. నీకు చెప్పకపోవడం తప్పంటావు. కొనేవాడు వచ్చేలోగా మీ అక్క మోకాలి ఆపరేషనని చెప్పి అదే బండి తోలుకుపోయావు. నీకు స్టీరింగు పట్టడం నేర్పినవాణ్ణి నేనే, ఇక ఎవరిని అనుకోను? పోతూ పోతూ గుమ్మంలో అన్నావు, "మీరు రమ్మని పిలిస్తేనే వస్తాను" అని. నేను పిలవనన్నాను. ఒకసారి అన్నమాట నేను వెనక్కి తీసుకోను. నువ్వూ తక్కువదానివేం కాదు. కాబట్టి ఆ సంగతి రాయను.

ఒక మోకాలన్నావు, ఉన్నావు. రెండో మోకాలన్నావు, ఉన్నావు. మీ అక్కకు మూడో మోకాలు లేదు.

బండికి సర్వీసు వేళయింది. ఆయిలూ ఫిల్టరూ మార్పించు. దగ్గరుండి చేయించు. చెప్పేది అంతే.

ఇట్లు,
నీ ఇంటాయన

---

ఏమండీ,

మీ ఉత్తరంలో "ప్రియమైన" చూసి, అడ్రసు తప్పి అక్క ఇంటికొచ్చిందేమో అనుకున్నాను. కింద మోకాలి మాట చదివాక మీదేనని నమ్మకం కుదిరింది. అక్కకు చదివి వినిపించాను. "మరిదికి నా మోకాళ్ళ లెక్క బాగా తెలుసే" అంది.

సర్వీసు చేయించాను. మలుపు దగ్గర చిన్న షెడ్డు ఉంది, అక్కడ. దగ్గరుండే చేయించాను, కానీ మధ్యలో అక్క మందుల కోసం పిలిస్తే లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయిల్ పోసి బానెట్ వేసేశాడు. గేజి పుల్ల తీసి చూశాను, పైగీత దాకా ఉంది.

నిన్న మళ్ళీ చూస్తే కిందిగీత దగ్గరకు దిగిపోయింది. తుడిచి మళ్ళీ ముంచాను, మీరు నేర్పినట్టే. అదే లెక్క. సర్వీసుకు ముందు ఇలా లేదు. ఇంత ఆయిల్ ఎటు పోయిందో నాకు అంతుపట్టడం లేదు. బండి బాగుంటే మనిషి ఎటైనా కదలొచ్చు. ఇలా ఉంటే ఎలా కదలను?

భోజనం వేళకు చేస్తున్నారా? చేస్తున్నానని రాయకండి, ఏం చేస్తున్నారో రాయండి.

మీ
డ్రైవరు

---

ఏమే,

టైలరు మాట ఇక వినను.

ఆయిల్ పోవడానికి రెండే దారులు. కారాలి, లేకపోతే కాలాలి. మూడో దారి లేదు. నేను చెప్పినట్టు చెయ్యి.

చదునుగా ఉన్నచోట బండి ఆపు. చల్లారాక గేజి చూడు. తర్వాత ఒక పెద్ద అట్టపెట్టె విప్పి బండి ముందుభాగం కింద పరుచు. తెల్లారి చూడు. కారితే అట్ట మీద చుక్క ఉంటుంది, ఆ చుక్క ఎక్కడుందో అదే చెబుతుంది. ఇంజను కింద ఆయిల్ నిలిచే చాంబర్ ఉంటుంది, దాని అడుగున ఆయిల్ దించే బోల్టు ఉంటుంది, దాన్ని వేలితో తడుము. తడిగా ఉంటే దాని వాషరు మార్చలేదని అర్థం. పైన ఆయిల్ పోసే మూత సరిగా బిగించాడో లేదో చూడు. బండి స్టార్టు చేసి మీ అక్కను వెనక నిలబెట్టు. సైలెన్సర్ దగ్గర నీలంపొగ వస్తే కాలుతోందన్నమాట. ఆవిడకు కూడా కొంచెం పని.

కిందిగీత దాటి దిగితే అరలీటరు పోసి మరీ తిప్పు. ఎండు ఇంజను తిప్పావంటే పట్టేస్తుంది. తెలిసేదాకా దూరం పోవద్దు.

ఏం తింటున్నానని అడిగావు. వండుకుంటున్నాను. ఇద్దరికి సరిపడా పడిపోతోంది, చెయ్యికి అలవాటు. మిగిలింది మర్నాడు తింటున్నాను. ఇంటి ముందు బండి ఉండే చోట మేడ మీదవాడు స్కూటర్ పెట్టాడు. తీయించాను. ఆ చోటు ఎవరికీ అక్కర్లేదు కానీ ఖాళీగానే ఉండాలి.

ఇట్లు,
నేనే

---

ఏమండీ,

మీరు చెప్పినవన్నీ చేశాను. బీరువా వచ్చిన పాత అట్ట పరిచాను. తెల్లారి చూస్తే చుక్క లేదు. రెండో రాత్రి కూడా పరిచాను, లేదు. బోల్టు పొడిగా ఉంది, దుమ్ము కూడా అంటింది. మూత బిగువుగా ఉంది. అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కర్ర ఊతంతో బండి వెనక నిలబడింది. నీలంపొగ లేదు, నల్లపొగ లేదు, నాకు మిగిలింది దగ్గొకటే అని తేల్చింది.

ఆయిల్ మాత్రం మళ్ళీ దిగింది. అరలీటరు పోశాను. నేను బండి తీసేది బజారుకే కదా.

ఒక్కరికే వండుకోవడం నేర్చుకోవద్దు. మిగిలితే మిగలనివ్వండి.

మీ
డ్రైవరు

---

ఏమే,

అట్ట మీద చుక్క లేదు. బోల్టు పొడిగా ఉంది. పొగ లేదు. బండి బజారు దాటి పోలేదు. ఆయిల్ మాత్రం అయిపోతోంది. ఇన్నేళ్ళూ ఇంజన్ల కింద పడుకున్నాను, ఇలాంటి బండిని చూడలేదు. సాకు వెతికే మనుషులను మాత్రం చాలామందిని చూశాను.

నీకు రావడం ఇష్టం లేదు. అలాగైతే లేదని రాయి. దాన్ని ఇంజను మీదికి నెట్టకు. అది నోరులేనిది. నేను బేరం పెట్టినందుకు ఇలా సాధిస్తున్నావు. సాధించు. బండి నువ్వే ఉంచుకో, మీ అక్కనూ నువ్వే ఉంచుకో. ఇంజను అబద్ధం చెప్పదు. అబద్ధం చెప్పేది మనిషే.

ఇట్లు,
బండి అమ్ముకోలేకపోయినవాడు

---

ఏమే,

జవాబు రాలేదు.

పోస్టుమాన్ రోజూ మన ఇంటి ముందు ఆగకుండానే పోతున్నాడు. నిన్న ఆపి అడిగాను, ఉంటే ఇవ్వనా అన్నాడు. మర్యాద తెలియని మనిషి.

ఒకటి అడుగుతాను. నేను దూరం కిరాయిలకు పోయి, చెప్పిన రోజుకు రాకపోతే నువ్వు ఏం చేసేదానివి? నేను ఎప్పుడొచ్చినా తలుపు తీసే ఉండేది. నీళ్ళు కాగే ఉండేవి. ఎవరో కబురు చెప్పినట్టు ఎలా తెలిసేదో అనుకునేవాణ్ణి, అడగలేదు. ఇప్పుడు నేను రోడ్డు వైపు కుర్చీ వేసుకుంటున్నాను. కబురేం రావడం లేదు.

బండి గురించి మళ్ళీ ఆలోచించాను. తొందరపడ్డాను. అట్ట సాక్ష్యం చెప్పేది ఆగి ఉన్న బండికి మాత్రమే. కొన్ని లీకులు ఇంజను తిరిగేటప్పుడు, లోపల ఆయిల్ ఒత్తిడి మీద ఉన్నప్పుడే కారతాయి. ఇంజను ఆపితే అదీ ఆగిపోతుంది. కారిన ఆయిల్ నేల మీద పడదు, గాలికి బండి అడుగునంతా వెనక్కి కొట్టుకుపోతుంది. వెనక బంపరు లోపలివైపు చెయ్యి పెట్టి చూడు. చూసి రాయి. కోపం ఉంటే కోపంగానే రాయి.

ఇట్లు,
నేను

---

ఏమండీ,

వెనక బంపరు లోపల చెయ్యి పెట్టాను. జిడ్డు. దుమ్ము దానికి పట్టి వేలిమందాన గడ్డకట్టింది. సైలెన్సర్ గొట్టం పొడవునా అలాగే ఉంది. సబ్బు పెట్టి రుద్దినా నా చెయ్యి ఇంకా నల్లగానే ఉంది.

ఇంజను అబద్ధం చెప్పదన్నారు. సంతోషం. దాని మాటైనా నమ్మండి.

ఉంటాను.

---

ఏమే,

పట్టుకున్నాను.

సర్వీసు తర్వాత మొదలైంది కాబట్టి, సర్వీసులో చెయ్యి పడినచోటే తప్పుంది. చెయ్యి పడేది రెండుచోట్ల. ఒకటి బోల్టు, అది పొడిగా ఉంది. ఇక మిగిలింది ఫిల్టర్. ఫిల్టర్ మూతి చుట్టూ రబ్బరు రింగు ఉంటుంది. పాత ఫిల్టర్ తీసేటప్పుడు ఆ రింగు దానితోపాటు ఊడి రావాలి. ఒక్కోసారి ఇంజనుకే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా దాని మీదనే కొత్త ఫిల్టర్ బిగిస్తే రబ్బరు మీద రబ్బరు పడుతుంది, సరిగా కూర్చోదు. ఇంజను పరుగు మీద ఉన్నప్పుడు సందులోంచి చిమ్ముతుంది. షెడ్డువాడితో ఫిల్టర్ విప్పించు. నువ్వు కదలకుండా పక్కనే నిలబడు. ఈసారి మీ అక్క మందు తనే వేసుకుంటుంది.

ఆ రింగు ఎందుకు అతుక్కుందో కూడా నాకు తెలుసు. నువ్వు వెళ్ళే ముందు ఆ పాత ఫిల్టర్ వేసింది నేనే. మాట్లాడటం మానేశాను కానీ బండి కింద పడుకున్నాను. ఫిల్టర్‌ను చేత్తో బిగించి వదిలేయాలి. ఎందరికో ఆ మాట చెప్పినవాణ్ణి. దారిలో నీకు ఒక్క చుక్క కూడా కారకూడదని పానా వేసి ఇంకో చుట్టు తిప్పాను. తిప్పి, చాలదేమోనని మళ్ళీ తిప్పాను.

ఇప్పుడు నేను అడిగేదానికి సరిగ్గా చెప్పు. బజారుకు పోయి వచ్చే బండికి బంపరు దాకా ఆయిల్ కొట్టదు. వేలిమందాన జిడ్డు పట్టాలంటే పెద్దరోడ్డు మీద పూటల తరబడి దౌడు తీయాలి. తగ్గిన ఆయిలు కూడా ఆ లెక్కే చెబుతోంది. నువ్వు నాకు బజారని రాశావు.

ఎక్కడికి పోతున్నావు?

ఇట్లు,
అడగడం అలవాటులేనివాడు

---

ఏమండీ,

ఫిల్టర్ విప్పించాను. మీరన్నట్టే పాత రింగు ఇంజనుకు కరుచుకుని ఉంది. షెడ్డు అతను గోటితో లాగితే రాలేదు, స్క్రూడ్రైవరు మొనతో నెమ్మదిగా ఒలిచాడు. ఇంత బిగించింది ఎవరమ్మా, మనిషా దయ్యమా అన్నాడు. మా ఆయన అని చెప్పాను. ఇప్పుడు బండి పొడిగా ఉంది. ఎటు తిప్పినా ఆయిల్ పైగీత నుంచి దిగడం లేదు.

ఎక్కడికి పోతున్నావని అడిగారు.

ఆదివారాలు అక్క కూతురు వచ్చి వాళ్ళమ్మ దగ్గర ఉంటుంది. ఆ రోజు బజారుకని చెప్పి బండి తీస్తాను. మన ఇంటికి పోదామనే తీస్తాను. ఏటి మీద పెద్ద వంతెన ఉంది చూడండి, అది దాటాక ఒక టీ కొట్టు వస్తుంది. అది సగం దారి. అక్కడిదాకా ఏమీ గుర్తుకు రాదు. అక్కడ ఆగి టీ తాగుతుంటే, మీరు పిలవలేదు కదా అనిపిస్తుంది. మళ్ళీ తిప్పుకుని వచ్చేస్తాను. టీ కొట్టు అతను నేను వంతెన చూడటానికి వస్తాననుకుంటున్నాడు.

ఒక ఆదివారం అక్కడ ఆగలేదు. నేను అబద్ధం చెబుతున్నానని మీరు రాశాక, ఆ ఉత్తరం పట్టుకుని బయల్దేరాను. తిట్టిపోదామని. మన వీధి చివరిదాకా వచ్చాను. మీరు గుమ్మం బయట నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపే చూశారు. చాలాసేపు చూశారు. నేను అద్దం దించాను, చెయ్యి కూడా ఎత్తాను. మీరు తల తిప్పుకోలేదు, పలకరించలేదు. మీకు ఆనలేదని నాకు తర్వాత అర్థమైంది. మీరు బండి తోలవద్దన్న డాక్టరు మీద అప్పటిదాకా కోపం ఉండేది నాకు. అది పోయింది.

హారన్ కొడితే సరిపోయేది. కొట్టలేదు. ఒక్కసారి పిలిపించుకుని రావాలని ఉంది నాకు. పెళ్ళయిన కొత్తలో కూడా మీరు పిలవలేదు. బండి స్టార్టు చేసి ఉంచేవారు, నేనే పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కేదాన్ని.

ఉంటాను.
మీ ఇంటిది

---

ప్రియమైన,

ఎవరూ చెప్పకుండానే రాశాను.

నీ ఉత్తరం వచ్చి కొన్ని రోజులైంది. ఆ రోజు వీధి చివర తెల్లగా ఏదో ఆగి ఉండటం నాకు గుర్తుంది. పాలవ్యాను అనుకున్నాను. నా బండిని, అందులో నా మనిషిని పట్టుకుని పాలవ్యాను అనుకున్నాను. అది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

కొనేవాడికి కబురు చేశాను, అమ్మేది లేదని. కారణమేంటన్నాడు. బండికి డ్రైవరు దొరికిందని చెప్పాను.

నిన్ను రమ్మని పిలవనని గుమ్మంలో అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. రమ్మని పిలవడం లేదు. నేనే వస్తున్నాను. పిలిస్తే నువ్వు రావాలి, మళ్ళీ ఆ వంతెన దాటి ఆ టీ కొట్టు దగ్గర ఒక్కదానివే ఆగాలి. ఇక అలా వద్దు. మీ అక్కకు చెప్పు, మరిది ఆవిడ మోకాళ్ళు చూడటానికి వస్తున్నాడని. నమ్మదులే.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు బయల్దేరతాను. బస్సుల మీద రాసిన ఊళ్ళ పేర్లు నాకు ఆనవు. దిగాక వీధులు ఆనవు, ఎవరైనా చెప్పింది కూడా రెండుసార్లు చెబితే గానీ వినపడదు. బతుకంతా టాక్సీ తోలినవాణ్ణి, ఎక్కినవాడు ఏ సందు చెబితే ఆ సందులోకి పోయాను, ఒక్కసారి కూడా ఎవరినీ దారి అడిగి ఎరగను.

ఆదివారం అడుగుతాను. ఎంతమందినైనా అడుగుతాను.

ఇట్లు,
నీ వాడు