మామగారు చెక్కిన కొయ్యకప్ప

వెండెల్ బావగారికి,

చేపలకు ఎరగా మామగారు చెక్కిన కొయ్యకప్ప క్షేమం. దానికున్న గాలం ముల్లు ఒకటి మాత్రం డాక్టరు కత్తిరించాల్సి వచ్చింది. కోప్పడకుండా చదవండి.

శనివారం తెల్లవారగానే మీ చెల్లెలు ఆర్డిస్‌తో పడవలో నదిలోకి వెళ్లాను. అల లేదు. అలాంటప్పుడు నీటి పైన తేలే ఎరల్లో చప్పుడు చెయ్యనిదాన్నే వెయ్యాలని మీరే కదా చెప్పారు! ఎరల పెట్టె మీదికి వంగి అలాంటిదాని కోసం వెతుకుతున్నాను.

"ఎర చూస్తున్నావా, పెళ్లిసంబంధం చూస్తున్నావా?" అంది ఆర్డిస్.

"తొందరపడితే బాస్ చేప పడదు," అన్నాను.

"అయితే నువ్వు చూస్తూనే ఉండు," అని, మీరు దాచమని ఇచ్చి, తడపొద్దన్న ఆ కప్పనే తీసి విసిరింది. అది బుడుంగుమంటూ రెండుసార్లు కదిలిందో లేదో, మూరెడు బాస్ ఎగిరి పట్టింది. గాల్లోనే తల విదిల్చి ఉమ్మేసింది. బిగిసిన దారంతో కప్ప వెనక్కొచ్చి, ఇంకా పెట్టె మీదికి వంగే ఉన్న నా పిర్రలో దిగబడింది.

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కొత్త ముల్లు నేనే వేయిస్తాను. మీరు మాత్రం ఇక ఊరుకోమని ఆర్డిస్‌కి ఒక్క మాట చెప్పాలి. ఈ వేసవిలో నది మీద అందరికంటే బరువైనదాన్ని పట్టింది తనేనని ఊరంతా చెప్పుకు తిరుగుతోంది. ఎరల కొట్టులో చేపలు తూచే తక్కెడ పక్కన నన్ను నిలబెట్టి ఫోటో కూడా తీయించింది.

ఇట్లు,
మీ చెల్లెలి మొగుడు