నా వైపు ఎవరినైనా కూర్చోబెట్టు

సూరత్,
డ్యూటీకి పోయే ముందు.

అన్నా,

నీకూ వదినకూ దండాలు, చిట్టికి ముద్దులు. కొత్తవాడలో అందరూ మంచిగున్నారా? నీ నడుము నొప్పి జర తగ్గిందా? వదిన వద్దంటున్నా బరువులెత్తుతున్నావట, ఎత్తకు. నేను బాగానే ఉన్నాను, ఫికర్ చేయకు.

చేతిలో ఫోన్ పెట్టుకుని వీడు ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావు. చదివితే నీకే తెలుస్తుంది.

జీతం టైముకు పడుతోంది. మనకు ఎన్నడూ లేని సుఖం అది, కాదనను. రూములో మేం లేవగానే ఆ చాపల మీదే రాత్రి డ్యూటీ వాళ్లు పడుకుంటారు, చాప చల్లబడే పనే లేదు. మెస్సులో పప్పులో బెల్లం వేస్తారు, అదేం తిండో! వదిన చింతకాయ తొక్కు పంపితే ఆమె పేరు చెప్పుకుని తింటాను.

పనే పనిలాగా లేదన్నా. ఒక్కణ్ణే మరమగ్గాల మధ్య తిరుగుతూ తెగిన పోగు ముడేస్తాను, అంతే. పేరు కూడా లేదు, "ఏ తెలుగూ" అంటారు. మన దగ్గర తిండికి తిప్పలైన రోజు కూడా, జంపఖానా మీద నెమలి మెడ బాగా తిరిగితే నువ్వు "శభాష్ తమ్మీ" అనేవాడివి. ఆ మాటతో పూట గడిచేది.

మన పెద్ద మగ్గం మీద నువ్వు పోగు వదిలి "ఆఁ" అంటే, నా వైపు నేను "ఆఁ" అని అందుకునేవాణ్ణి. పోగు బిగించే ఇద్దరి పంజా దెబ్బ ఒక్కసారే పడేది. వచ్చిన కొత్తలో ఇక్కడా అలవాటు కొద్దీ "ఆఁ, ఆఁ" అంటూనే ఉన్నాను. పక్క మగ్గాలు చూసే మల్లేశం, మన తొర్రూరాయనే, నా నోరు కదలడం చూసి పిలిచాననుకుని ఉరికొచ్చేవాడు. "మిషన్‌కు జవాబు చెప్తానవా శీనన్నా?" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. పోయిన వారం మల్లేశమే దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు చెప్పింది నాకు వినబడలేదు. బయటికొచ్చాక మల్లేశం నా చెవిలో అరిచాడు: "మోతకు చెవులు ఖరాబైనయట. పోయింది ఇగ మర్లి రాదంటాండు. ఈ పని ఇడిస్తే ఉన్నదన్న మిగుల్తదట." ఇడిసి ఏం తినాలన్నా? మర్నాడు మళ్లీ డ్యూటీకే పోయాను.

అందుకే ఫోన్‌లో నువ్వేమడిగినా "బాగున్నా" అంటున్నాను. మొన్న వీడియో కాల్‌లో చిట్టి పెదవులు కదిలితే పాట పాడుతోందనుకుని "మంచిగ పాడినవ్ బిడ్డా" అన్నాను. జ్వరమొచ్చిందని చెప్పిందట అది. వదిన మెసేజ్ పెట్టాక తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఊరికి పోయొచ్చిన మల్లేశం ఇంకో మాట చెప్పాడు. పెద్ద మగ్గం ఆపేసి, ఒక్కడివే చిన్న రగ్గులు నేస్తున్నావట. ఎవరైనా వచ్చి కూర్చుంటామంటే "అది మా తమ్ముని జాగ, వాడస్తడు" అంటున్నావట.

రానన్నా. వచ్చినా ఏం లాభం? నువ్వు "ఆఁ" అంటే నాకు వినబడదు. నా వైపు ఎవరినైనా కూర్చోబెట్టు. నా మీద ఒట్టు.

వాడకట్టు పెద్దలందరికీ నా దండాలు చెప్పు. నువ్వూ వదినా నన్ను దీవించండి. చిట్టికి జ్వరం తగ్గిందో లేదో మెసేజ్ పెట్టించు. ఫోన్ మాత్రం చేయకు.

నీ తమ్ముడు
శీను