ఫాక్స్‌గ్లవ్ బాణీలో తప్పిన దెబ్బ

విదికాట్, సోమర్‌సెట్
జూన్ 18, 1906

మిత్రుడు రూబెన్ వెస్ట్‌కాట్‌కు జేబెజ్ స్నెల్ నమస్కారాలు.

నేను క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. ఇరవై ఆరేళ్లుగా ఒక్క ముక్క రాయనివాడికి ఆ మాట కలంలోంచి రావడం లేదురా. వేళ్లు వంకర్లు పోయాయి, ఫిడేలు మాత్రం ఇంకా పలుకుతోంది.

పోయిన వారం లండన్ నుంచి ఒక దొర సైకిలు మీద దిగాడు. పల్లె బాణీలు రాసుకుని పుస్తకం వేస్తాడట. పబ్బులో నాకు బీరు పోయించి, ‘ఫాక్స్‌గ్లవ్’ వాయించమన్నాడు. నువ్వు ఊరు వదిలి బ్రిస్టల్ వెళ్లాక పుట్టిన బాణీ అది, ఆ ఊదాపూల విషపు మొక్క పేరే దానికీ పెట్టారు, నువ్వు విని ఉండవు. ఇప్పుడు మే పండగలో అది లేనిదే డాన్సు సాగదు. చివరి వరసలో ఒక దెబ్బ తక్కువ. కొత్తవాళ్లు కాలు గాల్లో పెట్టుకుని తూలుతారు. ముసలోడా, తాళం మింగేశావా, బీరు చాల్లేదా అని కమ్మరి హ్యారీ ఏటా ఏడిపిస్తాడు.

దొర దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పమని పట్టుబట్టాడు. కొండవాలున ఫాక్స్‌గ్లవ్ పూలు కోసే పిల్లను చూసి మనసు పారేసుకున్న గొర్రెల కాపరి కట్టాడండీ అని కోతలు కోశాను. ఆ తక్కువ దెబ్బ ఏమిటయ్యా అంటే, పిల్ల వెనక్కి తిరిగి చూసేసరికి వాడి చెయ్యి జారిందండీ అన్నాను. మురిసిపోయి రాసుకున్నాడు. అది అచ్చవుతుందని తలుచుకుంటే తిండి సయించడం లేదు.

అసలు సంగతికి వస్తా. మీ అక్క కెజియా చావుబతుకుల్లో ఉంది. దగ్గుతో పడుకున్న నీ భార్య హెస్టర్‌కు దగ్గుమందు కాంఫ్రీ ఆకు అనుకుని ఫాక్స్‌గ్లవ్ ఆకు కషాయం పోసి ప్రాణం తీసిందని నువ్వు ఆమెను గెంటేశావు. పూత రాకముందు, ఏప్రిల్లో, ఆ రెండు ఆకుల్నీ ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే పోల్చుకోలేరు. అయినా విషం పోసిన మనిషని ఎవరూ ఇంట్లోకి రానివ్వలేదు. పొలాల్లో రాళ్లు ఏరి బతికింది. నడుం పడిపోయాక పేదల శరణాలయంలో చేరింది.

ఆదివారం వెళ్లి చూశాను. తమ్ముడికి ఇంకా కోపమేనా అని అడిగింది. ఆమె పోయాక శవాన్ని నాకివ్వమని అక్కడి గుమాస్తాను బతిమాలితే, నువ్వామెకు ఏమవుతావయ్యా, రక్తసంబంధీకులు రాకపోతే డాక్టర్ల కోతబల్లకే పంపుతాం అన్నాడు. ఆ బల్ల పేరెత్తితేనే ఆమె వణికిపోతోంది. తోడబుట్టినవాడివి నువ్వొక్కడివే. శుక్రవారం దాకా ఉంటుందో లేదో, ఆలోపే రా. రోజూ స్టేషన్ దగ్గర బండితో నిలబడతాను.

ఇట్లు,
జేబెజ్

తా.క.: ఈ మాట పైన రాయడానికి చేతులు రాలేదు. ఆ ఆకులు కోసింది నేను. కెజియా కాంఫ్రీ కావాలంటే, ఆమె మెప్పు కోసం వాగుగట్టుకు పరిగెత్తి టోపీ నిండా కోసుకొచ్చాను. నన్ను నమ్మి కాచింది. హెస్టర్ చావు మీద విచారణ జరిగిన రోజు కెజియా నన్ను తలుపు చాటుకు లాగి, తమ్ముడు నిన్ను చంపి ఉరికంబం ఎక్కుతాడు, నేనైతే అక్కనని వదిలేస్తాడు, నోరు మూసుకో అంది. మూసుకున్నాను. నువ్వు గెంటేసినప్పుడూ మూసుకున్నాను. కెజియాను పెళ్లాడతానని ఇచ్చిన మాట కూడా మింగేశాను. పిరికివాణ్ణి రా.

నువ్వు డాక్టరు కోసం పోయినప్పుడు హెస్టర్ మణికట్టు పట్టుకుని కూర్చున్నది నేను. నాడి నాలుగు కొట్టి ఒకటి తప్పేది. మళ్లీ కొట్టి మళ్లీ తప్పేది. ఆ బాణీ కట్టింది నేనే, తప్పిన దెబ్బ అదే. దాని మీద ఊరంతా ఇన్నేళ్లుగా గంతులేస్తోంది. దొరకు నిజం రాసి పొద్దున్నే టపాలో వేశాను. రైలు దిగగానే నువ్వు నన్నేం చేసినా పడతాను. కాకపోతే ముందు కెజియా దగ్గరికి పోయి, అక్కా అని ఒక్కసారి పిలిచి రా.