వోలాన్స్కీ మీద ఫిర్యాదు

నవంబర్ 4
ఇళ్ల కోర్టులో ప్రొబేషన్ ఆఫీసర్ ఉద్యోగమంటే ఓనర్లు చెప్పే కథలు వినడమే. ఈరోజు వోలాన్స్కీ కథ. ముసలాయన అద్దెకిచ్చే ఇల్లు ఒక్కటే, తానుండేది వేరేచోట. ఆ అద్దె ఇంట్లో హీటర్ చెడింది, వెనక మెట్లు పుచ్చిపోయాయి. బాగుచేయిస్తే సరే, లేదంటే జైలు అని జడ్జిగారు ప్రొబేషన్ మీద వదిలారు. పని ఎంతవరకు వచ్చిందని అడిగితే, "మేస్త్రీకి నడుం పట్టేసింది తల్లీ" అన్నాడు. పోయినసారి మేస్త్రీ పెళ్లికి వెళ్లాడు. అంతకుముందు మేస్త్రీ చచ్చిపోయాడు.

నవంబర్ 12
మెట్లకు రంగు వేశాడు. పుచ్చిన చెక్క మీద పచ్చరంగు! నమ్మి కాలు పెట్టాను, మోకాలి దాకా దిగబడింది. పై వాటాలో అద్దెకుండే ఒడెస్సా ప్రూయిట్ వచ్చి నన్ను పైకి లాగింది. "రంగు చూసి మోసపోయావా, అమ్మాయ్?" అని ఒకటే నవ్వు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఆమె వంటింట్లో చలి కాచుకోవడానికి గ్యాస్ ఓవెన్ వెలిగించి, తలుపు తెరిచి పెట్టింది. దాని ముందే కుర్చీ, దుప్పటి. ఇది రిపోర్టులో రాయక తప్పదన్నాను. గభాల్న నా చెయ్యి పట్టుకుంది.

"రాస్తే ఇంటికి తాళం వేస్తారు. ఈ బఫెలో ఊరి చలిలో నేనెక్కడికి పోవాలి? నువ్వు శిక్షించేది ఆయన్నా, నన్నా?"



నవంబర్ 13
రాశాను. ఆ ఓవెన్ ముందు ఆమె నిద్రపోతే, గ్యాస్‌కు ఊపిరాడక మళ్లీ లేవకపోవచ్చు.

నవంబర్ 20
కోర్టులో జడ్జిగారు మండిపడ్డారు. జైలా, ఇంటికి తాళమా, రెండూనా అన్నారు. వోలాన్స్కీ మళ్లీ మేస్త్రీ కథ ఎత్తుకున్నాడు. ఎవరూ పిలవకుండానే ఒడెస్సా లేచింది.

"ఈయన్ని లోపలేస్తే మెట్లెవరు కడతారు జడ్జిగారూ? చేతులు బానే ఉన్నాయిగా. రోజూ మా ఇంటికి పంపండి. పనెందుకు కాదో నేను చూస్తాను."

హాలంతా నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు, సరేనన్నారు. హీటర్ వెంటనే, మెట్లు ఈ నెలలోనే. కేసు ముగిసేదాకా రోజూ ఒడెస్సా దగ్గర హాజరు. ఇద్దరి మీదా నిఘా నాది. ఇదొక్కటే తక్కువైంది నాకు.

నవంబర్ 21
హీటర్ బిగించారు. బిగించింది ఆ చచ్చిపోయిన మేస్త్రీయేనట.

నవంబర్ 25
వోలాన్స్కీ ఫోన్. కొట్టిన మేకులన్నీ ఆమె మళ్లీ పీకిస్తోందట. "ఇంతకంటే జైలే నయం తల్లీ!" అయితే వెళ్లండి అన్నాను. వెళ్లడట. ఆమె చేసే మొక్కజొన్న రొట్టె బాగుంటుందట.

డిసెంబర్ 1
కొత్త మెట్ల మీద కసి తీరా గంతులేశాను. ఒక్క చెక్కా కదల్లేదు. పనైపోయినా ముసలాయన కోటు విప్పకుండా ఆమె హీటర్ పక్కనే కూర్చున్నాడు. ఇంటికి వెళ్లరా అంటే, కేసు ఇంకా ముగియలేదుగా అని నాకే చట్టం చెప్పాడు! ఒడెస్సా ఆయన వైపు అదోలా చూసింది. తర్వాత నాతో, "ఈయన ఇల్లెక్కడో చెప్పు, ఒకసారి చూసొస్తా" అంది.

డిసెంబర్ 4
కొత్త ఫిర్యాదు. వోలాన్స్కీ ఉంటున్న సొంత ఇల్లు. హీటర్ లేదు, కిటికీలకు అద్దాల బదులు అట్టలు. ఫిర్యాదు చేసింది ఒడెస్సా.

నోటీసు అక్కడికి పంపొద్దంది. "మా కింది ఖాళీ వాటాలో పడుకున్నాడు. లేచాక నేనే ఇస్తాలే."