గుర్తు లేదన్న మాట

నేను, నేలపూడి జయకుమారి, నేలపూడి బాబురావు గారి భార్యను, వయసు అరవై ఒకటి, పుట్టింది పాలకొల్లు, ముప్పై నాలుగేళ్ళుగా ఢిల్లీ నివాసం, వృత్తి నర్సు, పూర్తి స్పృహతో, స్థిరమైన బుద్ధితో, చెక్కుచెదరని జ్ఞాపకశక్తితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. జ్ఞాపకశక్తి అన్న మాట కింద గీత గీయమని వకీలు భీమశంకరం గారిని అడిగాను. వీలునామాలో గీతలు గీయరమ్మా అన్నారు. నేనే గీశాను. డాక్టరు సర్టిఫికెట్ కూడా జతపరిచాను.

నాకొచ్చింది నరాల జబ్బు. నాలుక తిరగదు, కాళ్ళు ఆడవు. పొద్దున పూట ఓ గంట మాత్రం చెయ్యి నా మాట వింటుంది, ఎవరినేం అడగాలన్నా అప్పుడే రాసి చూపిస్తాను. మతికి ఏ రోగమూ లేదు. ఇంతగా ఎందుకు నొక్కి చెప్తున్నానో ముందుకు వెళ్తే మీకే తెలుస్తుంది.

1. ఢిల్లీ ద్వారకలో మేముంటున్న ఫ్లాటు నా భర్త బతికున్నంత కాలం ఆయన అనుభవించాలి. తదుపరి మా అబ్బాయి స్టీవ్‌కి సర్వహక్కులతో చెందుతుంది. దీంట్లో పేచీ లేదు. ఏవండీ, వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు కాబట్టి అన్నిటికీ పెద్ద పెద్ద అక్షరాలతో చీటీలు అంటించాను. కందిపప్పూ శనగపప్పూ ఒకటి కాదు. బీపీ మాత్ర రాత్రిది కాదు, పొద్దుటిది.

2. నా యూనిఫాం మీద పెట్టుకునే గడియారం జెనీఫర్‌కి రాయాలనుకున్నాను. నా దగ్గర ట్రైనీగా చేరి, ఈరోజు అదే ఆసుపత్రిలో రెండో అంతస్తు చూసుకుంటున్న పిల్ల. అయితే సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి వీలునామాలో ఏమిచ్చినా చెల్లదట. నాకు సాక్షిగా జెనీఫరే కావాలి. అందుకని గడియారం మొన్న ఆదివారమే దాని గౌనుకి గుచ్చేశాను. అంచేత జెనీఫర్‌కి ఏమీ లేదు.

3. హాల్లో టీవీ మీద ఉన్న షీల్డు. ‘కరుణతో నడిపించే నాయకురాలు’ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. దీన్ని ఎవరూ దాచుకోకూడదు, ప్రార్థన కూటంలో చూపించి నన్ను పొగడకూడదు. పాత సామాన్లు కొనే కబాడీవాడు వస్తే పాత పేపర్లతో పాటు వేసెయ్యండి.

4. పదహారేళ్ళు ఆ ఆసుపత్రిలో (పేరు రాయను, వకీలు వద్దన్నారు) నర్సుల డ్యూటీ చార్టు నేనే వేశాను. పెన్సిల్‌తో వేసేదాన్ని. పెన్నుతో వేస్తే మార్చడానికి మూడు సంతకాలు కావాలి, ఆ మూడు సంతకాల కోసం ఆడపిల్ల ముగ్గురు మగాళ్ళ ముందు నిలబడి తన నెలసరి సంగతి దగ్గర్నుంచీ చెప్పుకోవాలి. నా చార్టుకైతే ఒక్క ఫోను చాలు. ఓ పేరు రబ్బరుతో తుడిచి ఇంకో పేరు రాసేదాన్ని. పిల్లలు నన్ను చాటుగా రబ్బరు మేడమ్ అనేవారు. నాకు తెలుసు. తెగ మురిసిపోయేదాన్ని కూడా.

సొరుగులో ఉన్న పెన్సిళ్ళూ రబ్బరూ స్టీవ్‌కి. ఒరేయ్ స్టీవ్, గుర్గావ్‌లో నీ కింద పద్నాలుగు మంది ఉన్నారని చెప్పావు. సెలవిస్తే కాగితం మీద ఇవ్వు. దయ చూపించడం తేలికేరా, దాని కింద నీ సంతకం ఉండాలి. నేను పెట్టలేదు.

5. అబిగెయిల్. మా పక్క ఊరే, నరసాపురం పిల్ల. మూడో అంతస్తు వార్డులో నర్సు. 2005 జనవరిలో వాళ్ళమ్మ మొదటిసారి ఢిల్లీ వచ్చింది. ఒంటరిగా, హిందీ ముక్క రాకుండా. పొద్దున రావలసిన రైలు పొగమంచుకి సాయంత్రం దాకా రాదన్నారు. పన్నెండూ పదికి స్టేషన్ బూత్ నుంచి అబిగెయిల్ ఫోన్ చేసింది. రెండింటి డ్యూటీకి రాలేను మేడమ్, అమ్మ తప్పిపోతుంది అంది. నువ్వు అక్కడే ఉండు, మీ అమ్మ కంటే ఎక్కువా, చార్టు నేను మారుస్తాలే అన్నాను.

రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. అంతలో కారు వచ్చిందని సిబ్బంది వ్యవహారాలు చూసే పార్థసారథి గారు కబురు పెట్టారు. గుర్గావ్ హోటల్లో ట్రైనింగు. కింది ఉద్యోగులని కరుణతో ఎలా నడిపించాలో చెప్తారట. రబ్బరు పర్సులో పడేసుకుని పరుగెత్తాను. పై షీల్డు నాకు ఆ సాయంత్రమే ఇచ్చారు. చప్పట్లు కొడుతుంటే కూడా రబ్బరు నా పర్సులోనే ఉంది.

వార్డులో ముప్పై మంచాలకి ఒక్క నర్సు మిగిలింది. పదకొండో మంచం పెద్దావిడ గంట కొట్టి కొట్టి, ఎవరూ రాక, తనే బాత్రూముకి లేచి పడిపోయింది. నాలుగో రోజు చనిపోయింది. చార్టులో అబిగెయిల్ పేరు అలాగే ఉంది. చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టిందన్నారు.

విచారణకి ముందు పార్థసారథి గారు నాకు టీ ఇప్పించారు. మనం మనం తెలుగువాళ్ళం, మీరు అమ్మలాంటివారు మేడమ్, అబద్ధం చెప్పమనడం లేదు, గుర్తు లేదనండి చాలు అన్నారు. ఇంటికొస్తే మా ఆయన, రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళేగా, మనకెందుకొచ్చిన గొడవ అన్నారు. ఆయన్ని అని ఏం లాభం? నోరు నాది. అబిగెయిల్ ఎదురుగా కూర్చుని నా మొహంలోకే చూస్తోంది. నాకు గుర్తు లేదు అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. మేడమ్‌కి గుర్తు లేదేమోలెండి అని నన్నే వెనకేసుకొచ్చింది. ఛీ, నా బతుకు.

ఉద్యోగం పోయింది. నర్సుల రిజిస్టరులోంచి పేరు కొట్టేశారు. ఇప్పుడు లక్ష్మీ నగర్‌లో కోచింగు పిల్లల హాస్టల్లో వంట చూసుకుంటూ, జ్వరమొచ్చిన పిల్లలకి తడిగుడ్డ వేస్తోంది.

రిటైరయ్యాక నిజం రాసి, ఆ రిజిస్టరు చూసే నర్సుల కౌన్సిల్‌కి పంపాను. అప్పుడు గుర్తు లేదన్నారు, ఇప్పుడు గుర్తుందంటున్నారు, జబ్బుమనిషి, మతి తప్పి ఉండొచ్చు అన్నారు. ఆటోలో ఎత్తి కూర్చోబెడితే వెళ్ళాను. నోరు తెరిస్తే మాట రాలేదు, చొంగ కారింది. గుమాస్తా జాలిపడి మంచినీళ్ళిచ్చాడు. వచ్చే నెల పద్దెనిమిదిన ఆఖరి వాయిదా. అది కూడా పోతే అబిగెయిల్ జన్మలో మళ్ళీ నర్సు కాలేదు. అప్పటిదాకా నేనుంటానని డాక్టరు అనడం లేదు.

ఆ ఫోన్ వచ్చినప్పుడు నా గదిలో ఇంకొకరు ఉన్నారు. ఎవరో రాయను. ఆ మనిషి ఉద్యోగం ఇంకా అక్కడే ఉంది, ఇద్దరు పిల్లలు బడికెళ్తున్నారు. నాకు చేతకానిది ఆమెని చెయ్యమనే మొహం నాకు లేదు.

అందుకే ఈ వీలునామా. నాకు మతీ జ్ఞాపకమూ ఉన్నాయని డాక్టరూ సర్కారూ ముద్ర వేసే కాగితం నాకు ఇదొక్కటే మిగిలింది. దీని నకలు పద్దెనిమిదిన కౌన్సిల్‌లో ఇవ్వవలసిందని స్టీవ్‌ని ఆదేశిస్తున్నాను. చెల్లుతుందా అని భీమశంకరం గారిని అడిగాను. కళ్ళజోడు తుడుచుకున్నారు.

6. బీరువా కింది అరలో సరోజినీ నగర్ బజారు కవరులో మెరూన్ రంగు స్వెటరు ఉంది. అబిగెయిల్ వాళ్ళమ్మకని, ఆవిడ వచ్చిన ఆ వారం శనివారమే కొన్నాను, చలికి అలవాటు లేని మనిషని. ఇవ్వడానికి మొహం చెల్లలేదు. ఆవిడ పోయిన ఏడాది పోయారు. స్వెటరు అబిగెయిల్‌కి. నీకు వదులవుతుందమ్మా, లోపల ఇంకోటి వేసుకో.

7. స్టీవ్‌కి తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. వాళ్ళ నాన్నకి ఇంత సన్నటి రాత కళ్ళకి ఆనదు. కాబట్టి నా తదనంతరం ఈ వీలునామా అబిగెయిల్‌ని పిలిచి చదివించాలి. నా నోటితో నీకు చెప్పలేకపోయిన మాట నీ చేతే చదివించుకుంటున్నాను. ఇప్పటికీ నాకు ధైర్యం లేదు, చూశావా. ఫోన్ చేశావు. వెళ్ళమన్నది నేనే. నాకు గుర్తుంది.

ఇది నేను పెన్నుతో రాసి, చదువుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

ఢిల్లీ, 2008 ఫిబ్రవరి 21, గురువారం.

(సంతకం) నేలపూడి జయకుమారి

సాక్షులు:

1. భీమశంకరం, వకీలు.

2. జెనీఫర్, స్టాఫ్ నర్సు. సంతకం పెట్టే ముందు మొత్తం చదివాను. ఆ రోజు మేడమ్ గదిలో ఉన్నది నేనే. నాకూ గుర్తుంది. పద్దెనిమిదిన నేను వస్తాను.