మందు కొట్టని రెండు వరుసలు

డాక్టరు గారికి,

ఆగిరిపల్లి నుంచి రత్నబాబు భార్యను రాస్తున్నాను. మీకిది నా నాలుగో ఉత్తరం.

పోయినేడు మా ఆయన కాలి పుండు ముదిరి, విషం రక్తంలోకి ఎక్కితే మీ ఐసీయూలో చేర్చాం. రక్తాన్ని మెషిన్‌తో శుద్ధి చేసే వైద్యాన్ని పరీక్షిస్తున్నామని, కొందరికే పెడతామని, ఎవరికన్నది కంప్యూటర్ తేలుస్తుందని చెప్పి నాచేత సంతకం పెట్టించారు. ఆయనకు మెషిన్ రాలేదు. ఐదో రోజు పోయారు.

అందుకు మిమ్మల్ని తప్పు పట్టను. అంతకుముందు ఏడు కొత్త పురుగుమందు పరీక్షకని ఒక ఆఫీసరు అడిగితే, మా ఆయనే మామిడితోటలో రెండు వరుసలకు మందు కొట్టకుండా వదిలేశారు. "కొన్ని వదిలితేనే కదే తేడా తెలిసేది" అన్నారు. ఆ వరుసల్లో పూత మాడి కాపు సగమైంది. ఆఫీసరు వచ్చి చూసుకోవాలని, ఉన్న కాయలు కూడా మా ఆయన కోయనివ్వలేదు. అతను రానే లేదు. కాయలు చెట్టు మీదే పండి రాలిపోయాయి.

మీ ఆసుపత్రికి ఫోన్ చేస్తే "పేషెంట్‌కి ఇప్పుడెలా ఉందండీ" అని నన్నే అడుగుతున్నారు. మెషిన్ పెట్టినవాళ్లు బతికారా? అది పని చేయలేదన్నా సరే, ఆ మాటే చెప్పండి.

మా ఆయనలా ఎదురుచూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. సోమవారం పొద్దున మీ ఐసీయూ తలుపు దగ్గర ఉంటాను.