గంజి పెట్టిన సాక్సులు

గద్వాల

ప్రియమైన ఉమక్కకు,

ఫోన్ల అయితే నా నోరు ఆగదు, నువ్వు ఏడుస్తవు, నేను కట్ చేస్త. మొన్న గట్లనే అయింది. అందుకే ఈ జాబు.

వనపర్తిల నీ రూముకు వచ్చిన దినం దండెం మీద ఆరేసిన ఆ తోలురంగు పొడుగు సాక్సులు ఇంక నా కండ్ల ముంగట్నే ఊగుతున్నయ్. నైలాన్! మగ్గం గుంతల కూసొని బతికిన నాయిన బిడ్డవు. పొద్దంత దుకాణంల నూలు చీరలు విప్పి చూపిస్తవు. నీ కాళ్లకు మాత్రం ప్లాస్టికా? భూమిల నుంచి తోడిన నూనెతోని అయితది అది. ఉతికినప్పుడల్ల కంటికి కానరాని పోగులు ఊడి నీళ్లల్ల కలుస్తయ్, చేపల కడుపులకు పోతయ్, తిరిగి మన కంచంలకే వస్తయ్. ఉత్తగనే అంటలేను, కరపత్రం చదివే చెప్తున్న. నువ్వేమో 'దుకాణంల అందరు తొడుగుతరులే తమ్మి' అని నవ్వినవు.

ఒట్టేసి రాస్తున్న. ఆ తొక్కలు నీ కాళ్లకు ఉన్నన్ని దినాలు నేను వనపర్తి బస్సెక్కను. నూలు సాక్సులు నేనే చేసి పంపుత.

కోపంతోనే,
నీ తమ్ముడు శ్రవణ్


వనపర్తి

ప్రియమైన తమ్మికి,

నీ తిట్లు అందినయ్. పెన్ను ఎంత ఒత్తి రాసినవో, కాయితం అవుతలి దిక్కు గూడ అచ్చు పడ్డది. చేపల కడుపుల గురించి అంత రాసినవు, నాయిన దగ్గు గురించి ఒక్క ముక్క రాయలే. తగ్గిందా?

నాతోని ఉండే మాధవికి పెండ్లి కుదిరి కోడేరు పోయింది. రూంల ఒక్కదాన్నే. ఒక్క మనిషికి బియ్యం పోస్తే కుక్కర్ గూడ సక్కగ కూత వెయ్యదు. దుకాణంల ఫోన్లు గేటు కాడ గంపల వేసి పోవాలె. పొద్దూకి తీసుకున్నంక, నీ ఫోన్ ఏమన్న వచ్చిందా అని ముందు అదే చూస్త.

ఆ సాక్సులు ఇప్పుడే ఇడువలేను. ఎందుకని అడగకు. మంగళవారం నాకు సెలవు. ఒక్కసారి వచ్చిపో. పంచాయితి ఎదురుంగ కూసొని పెట్టుకుందాం.

దారి చూసుకుంట,
ఉమక్క


గద్వాల

ప్రియమైన అక్కకు,

'ఎందుకని అడగకు' అంటవా? అడగను. నాకు తెలుసు, సోకు!

పార్సిల్ పంపుతున్న. చీరకు పోను మిగిలిన నూలుతోని మగ్గం మీద నేనే నేసిన. పైన సన్నగ కుంకుమరంగు అంచు గూడ ఏసిన. మోకాలు దాక వచ్చేటట్టు దర్జీ కురుమయ్య కుట్టిండు. కొత్త చీరకు పెట్టినట్టే చిక్కగ గంజి పెట్టిన. నాయిన చూసి "సాక్సుకు గంజేందిరా, పిచ్చోడా" అన్నడు. "నూలన్నంక గంజి ఉండాలె నాయినా" అన్న. ఆయనకు నవ్వొచ్చి దగ్గొచ్చింది. అంటే, తగ్గలే.

ఇవి తొడుక్కో. లేకుంటే నాకు అక్క లేదనుకుంట.

శ్రవణ్


వనపర్తి

ప్రియమైన శ్రవణ్‌కు,

జాబు ఆలస్యమైంది. దవాఖానల ఉంటి. పరేషాన్ గాకు, ఇప్పుడు రూంలనే ఉన్న.

నీ సాక్సులు తొడుక్కొనే పనికి పోయిన. మెట్లు ఎక్కుతుంటెనే జారి మడమల మీద కుప్ప పడ్డయ్. చీర కొనొచ్చిన పెద్దామె "ఏంది బిడ్డా, కాళ్లకు గూడ చీర కట్టినవా" అన్నది. అందరితోపాటు నేనూ నవ్విన. అయినా తెల్లారి గూడ అవే తొడుక్కున్న, ఆ తెల్లారి గూడ. నాకు అక్క లేదనుకుంట అన్నవు గద. వారం తిరగకముందే కాళ్లు ఉబ్బినయ్. పిక్క మీది నరం పగిలి రక్తం కారింది.

తమ్మీ, ఆ నైలాన్‌వి సోకుకు కాదు. దుకాణం తెరిచినప్పటి నుంచి మూసేదాక మమ్ముల కూసోనియ్యరు. కుర్చీలు కొనేటోళ్లకే. నిలబడి నిలబడి కాళ్ల నరాలు మెలికలు తిరిగినయ్. డాక్టరమ్మ ఆ బిగుతు సాక్సులు రాసిచ్చింది. నీకు చెప్తే సేటు మీదికి కొట్లాటకు వస్తవు, నా పని పోతదని చెప్పలే.

నువ్వు చేసినయ్ పారెయ్యలే. మరక పోయేదాక ఉతికి, నీ లెక్కనే గంజి పెట్టి ఆరేసిన. ఎండినంక మంచం పక్కన పెడితే వాటంతట అవే నిలబడ్డయ్. పండుకొని సూస్తుంటే రూంల ఇంకో మనిషి ఉన్నట్టే ఉంటది. "అన్నం తిన్నవా" అని గూడ అడిగిన ఒకసారి. పైకి సూస్తే సాక్సులు మోకాళ్ల కాడికే, ఆ పైన ఎవ్వరు లేరు.

ఉమ


గద్వాల

అక్కా,

'ప్రియమైన' అని రాసి కొట్టేసిన. ఆ మాట రాసే మొఖం ఇంక లేదు. నీ జాబు నాయినకు చదివి వినిపిస్తుంటే నడుమల కాయితం కింద పెట్టిన. ఆయనే అందుకొని చదువుకున్నడు. చదివి మగ్గం గుంతల నుంచి లేచి, నా అంగీ ఉతికి ఆరేసిండు. నీ దగ్గరికి పొమ్మని అర్థం.

నైలాన్ గురించి నేను రాసింది అబద్ధం కాదు. కాని నా కరపత్రంల పొద్దంత నిలబడే మనిషి లేదు. నాకు గూడ కానరాలే. డాక్టరమ్మ చెప్పినయే తొడుక్కో. నూలు ఎక్కువ కలిసి, బిగుతు తగ్గనియి ఏమన్న దొరుకుతయా అని ఇద్దరం పోయి అడుగుదాం. దొరకకుంటే ఇవే. సేటు దగ్గరికి గూడ పోదాం, మీ అందరికి కుర్చీలు అడగనీకి. కొట్లాడనని మాటియ్యలేను. నువ్వు పక్కనుంటే జర నోరు ఆగుతదేమో.

మంగళవారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. ఇంట్ల తొడుక్కోనీకి గంజి లేని జత తెస్తున్న. తలుపుకు గొళ్లెం పెట్టకు, నేనే నూక్కొని వస్త. నువ్వు లేవకు. కూసొనే ఉండు.

నీ శ్రవణ్